అధిక వేతనం రికవరీ: ఆలస్యపు లెక్కకు మూల్యం ఎవరిది?

పదవీ విరమణ సమీపించగానే ప్రభుత్వోద్యోగి జీవితంలో సర్వీసు రిజిస్టరుకు ఎక్కడలేని ప్రాధాన్యం వస్తుంది. మూడు దశాబ్దాలుగా కార్యాలయపు బీరువాలో ఉన్న ఆ పుస్తకం పింఛను ప్రతిపాదనలతో పాటు పరిశీలనకు వెళ్తుంది. ఎప్పుడో పన్నెండేళ్ల కిందట మంజూరైన ఇంక్రిమెంటు నిబంధనలకు అనుగుణంగా లేదని అప్పుడు తేలుతుంది. నాటి నుంచి నేటి వరకు అదనంగా పొందిన సొమ్మును లెక్కగట్టి, గ్రాట్యుటీ నుంచి మినహాయించాలని ఉత్తర్వు వెలువడుతుంది. లెక్క తప్పింది కార్యాలయంలో. ఏళ్ల తరబడి దానిని గుర్తించనిదీ కార్యాలయమే. భారం మాత్రం ఉద్యోగి మీద పడుతుంది.

మొత్తం ఎలా పెరుగుతుందో ఒక ఉదాహరణ చూద్దాం. మూల వేతనంలో నెలకు రూ.600 అధికంగా స్థిరీకరించారనుకుంటే, పన్నెండేళ్లలో మూల వేతనం మీదనే రూ.86,400 అవుతుంది. దానికి కరవు భత్యం, ఇంటి అద్దె భత్యం తోడైతే లక్ష రూపాయలు దాటడం కష్టమేమీ కాదు. తప్పు జరిగిన మొదటి ఏడాదిలోనే సరిదిద్ది ఉంటే సర్దుబాటు చేయవలసింది రూ.7,200 మూల వేతనం, దానిపై భత్యాలు మాత్రమే. మొదట్లో రెండు మూడు వాయిదాలతో తీరిపోవలసిన బాకీ చివరకు విశ్రాంత జీవితపు పెట్టుబడిని మింగే స్థాయికి చేరుతోంది. ఈ రెండింటి మధ్య తేడాకు కారణం జాప్యం ఒక్కటే.

అధికంగా అందిన సొమ్మును తిరిగి చెల్లించడం సూత్రప్రాయంగా సమంజసమే. పొరపాటున చెల్లించిన డబ్బును అందుకున్నవారు తిరిగి ఇవ్వాలని 1872 నాటి భారత కాంట్రాక్టు చట్టంలోని 72వ సెక్షను చెబుతోంది. పైగా అది ప్రజాధనం. అయితే జాప్యానికి బాధ్యత ఎవరిదన్న రెండో ప్రశ్నను పక్కనపెట్టి సొమ్ము గురించి మాత్రమే మాట్లాడితే న్యాయం సగమే జరుగుతుంది. గత మూడు దశాబ్దాల్లో సుప్రీంకోర్టు ఇచ్చిన పలు తీర్పులు ఈ రెండో ప్రశ్న చుట్టూనే తిరిగాయి.

తప్పు ఎక్కడ పుడుతోంది?

వేతన స్థిరీకరణ పైకి కనిపించేటంత సులభమైన పని కాదు. వేతన సవరణ జరిగిన ప్రతిసారీ పాత స్కేలు నుంచి కొత్త స్కేలుకు మార్చాలి. పదోన్నతి వస్తే ఫండమెంటల్ రూల్సులోని 22వ నిబంధనలో ఏ భాగం వర్తిస్తుందో చూడాలి. పదోన్నతి తేదీ నుంచే కొత్త వేతనం కోరుకున్నారా, తర్వాతి ఇంక్రిమెంటు తేదీ నుంచి కోరుకున్నారా అన్న ఐచ్ఛికాన్ని నమోదు చేయాలి. పదోన్నతి లేకుండా ఒకే పోస్టులో కొనసాగే వారికి 6, 12, 18, 24 ఏళ్ల సర్వీసుకు ఆటోమేటిక్ అడ్వాన్స్‌మెంట్ పథకం కింద పైస్కేళ్లు ఇవ్వాలి. వాటిలో కొన్ని దశలకు తదుపరి పోస్టుకు కావలసిన విద్యార్హతలు, శాఖాపరమైన పరీక్షల ఉత్తీర్ణత తప్పనిసరి. సీనియరు కన్నా జూనియరు ఎక్కువ వేతనం పొందుతున్న చోట సీనియరు వేతనాన్ని సమం చేయాలంటే అందుకు వేరే షరతులు ఉన్నాయి.

పొరపాట్లు ఎక్కువగా ఈ కూడళ్లలోనే దొర్లుతాయి. పైస్కేలు ఇచ్చినప్పుడు ఒకసారి, పదోన్నతి ఇచ్చినప్పుడు మరోసారి ఒకే ప్రయోజనం రెండుసార్లు చేరడం ఒక రకం. పరీక్ష ఉత్తీర్ణత తేదీకి ముందునుంచే స్కేలు మంజూరు కావడం మరో రకం. వేతనం లేని సెలవు కాలాన్ని ఇంక్రిమెంటుకు లెక్కించడం ఇంకొకటి. వీటిలో చాలావరకు ఉద్యోగి దాచినదేమీ ఉండదు. కాగితాలన్నీ కార్యాలయంలోనే ఉంటాయి. గుమాస్తా లెక్క వేస్తారు, సూపరింటెండెంటు చూస్తారు, డ్రాయింగ్ అధికారి సంతకం చేస్తారు, ఖజానా బిల్లు పాస్ చేస్తుంది. నాలుగు చేతులు దాటిన పొరపాటును ఐదో వ్యక్తి అయిన ఉద్యోగి పసిగట్టి ఉండవలసిందని అనడం వాస్తవానికి దూరం.

మండల స్థాయిలో సమస్య మరింత జటిలం. అక్కడ డ్రాయింగ్ అధికారి బోధన, పర్యవేక్షణ వంటి ప్రధాన విధుల నడుమ జీతాల బిల్లులు కూడా చూసుకోవాలి. ఉద్యోగి బదిలీ అయితే సర్వీసు రిజిస్టరు కూడా వెంట వెళ్తుంది. పాత కార్యాలయంలో జరిగిన స్థిరీకరణ సరైనదేనన్న నమ్మకంతో కొత్త కార్యాలయం కొనసాగిస్తుంది. ఆంధ్రప్రదేశ్‌లో సీఎఫ్ఎంఎస్, తెలంగాణలో ఐఎఫ్ఎంఐఎస్ వచ్చిన తర్వాత బిల్లులు కంప్యూటరు ద్వారా నడుస్తున్నా, మొదట నమోదైన మూల వేతనమే తప్పయితే యంత్రం ఆ తప్పునే ప్రతినెలా నమ్మకంగా తిరిగి లెక్కిస్తుంది.

న్యాయస్థానాల్లో రెండు ధోరణులు

ఈ వివాదంలో సుప్రీంకోర్టు తీర్పులు రెండు దారుల్లో సాగాయి. 1994 నాటి శ్యాంబాబు వర్మ కేసు, 1995 నాటి సాహిబ్ రాం కేసుల్లో ఉద్యోగి తప్పు లేకుండా అందిన అధిక వేతనాన్ని వసూలు చేయరాదని న్యాయస్థానం పేర్కొంది. బీహార్ ఉపాధ్యాయులకు సంబంధించిన సయ్యద్ అబ్దుల్ ఖాదిర్ కేసులోనూ అదే వైఖరి వ్యక్తమైంది. ఉద్యోగి మోసానికి పాల్పడలేదు, తప్పుడు సమాచారం ఇవ్వలేదు, నిబంధనను అధికారులే తప్పుగా అన్వయించారు అన్నవి ఆ తీర్పులకు ప్రాతిపదికలు.

2012లో ఉత్తరాఖండ్‌కు చెందిన చండీప్రసాద్ ఉనియాల్ కేసు వచ్చేసరికి స్వరం మారింది. అధికంగా చెల్లించిన సొమ్ము పన్ను చెల్లించే ప్రజలది, అది ఇచ్చిన అధికారిదీ కాదు, తీసుకున్న ఉద్యోగిదీ కాదు అన్నది ఆ తీర్పు సారాంశం. మోసం లేకపోయినా, అత్యంత కష్టదాయకమైన కొన్ని సందర్భాల్లో తప్ప, రికవరీ చేయవచ్చునని అందులో స్పష్టం చేశారు. ఈ వాదనలోనూ బలం లేకపోలేదు. ఒకే హోదాలో ఉన్న ఇద్దరిలో ఒకరికి నిబంధన ప్రకారం, మరొకరికి పొరపాటున ఎక్కువగా జీతం అందితే, నిబంధన ప్రకారం పొందినవారికి అది అన్యాయమే కదా.

2014 డిసెంబరు 18న పంజాబ్ రాష్ట్రానికి, రఫీక్ మసీహ్‌కు మధ్య నడిచిన కేసులో జస్టిస్ జె.ఎస్.ఖేహర్, జస్టిస్ అరుణ్ మిశ్రాలతో కూడిన ధర్మాసనం ఈ రెండు దారుల నడుమ గీత గీసింది. కేసు శీర్షికలో ప్రతివాది పేరు పక్కన వెల్ల వేసే పనివాడు అన్న హోదా కూడా నమోదై ఉండటం గమనార్హం. పెద్ద పెద్ద సర్వీసు వివాదాలకు నేడు కొలబద్దగా నిలిచిన తీర్పు ఒక చిరుద్యోగి పేరుతో చలామణీ అవుతోంది.

రికవరీ కూడని ఐదు సందర్భాలు

ఆ తీర్పు ఐదు సందర్భాలను పేర్కొంది. మొదటిది, మూడో, నాలుగో తరగతి ఉద్యోగుల నుంచి వసూలు చేయడం. రెండోది, పదవీ విరమణ చేసినవారి నుంచి, లేదా రికవరీ ఉత్తర్వు నాటి నుంచి ఏడాదిలోగా విరమించబోయేవారి నుంచి వసూలు చేయడం. మూడోది, ఉత్తర్వు వెలువడటానికి ముందు అధిక చెల్లింపు ఐదేళ్లకు మించి సాగి ఉండటం. నాలుగోది, నిజానికి కింది పోస్టులో పనిచేయవలసిన ఉద్యోగితో పొరపాటున పైపోస్టు విధులు చేయించి, దానికి తగిన జీతం ఇవ్వడం. ఐదోది, వసూలు చేయడం అన్యాయంగా, కఠినంగా లేదా నిరంకుశంగా ఉండి, రాబట్టుకునే హక్కు కన్నా దానివల్ల కలిగే కష్టమే చాలా ఎక్కువని న్యాయస్థానం భావించే ఏ ఇతర సందర్భమైనా.

ఈ ఐదింటిలో రెండు నేరుగా కాలానికి సంబంధించినవి కావడం విశేషం. ఐదేళ్లు గుర్తించని తప్పును ఆరో ఏట ఉద్యోగి నెత్తిన వేయరాదు. ఉద్యోగ జీవితం ముగిసేటప్పుడు లెక్కలు తిరగదోడి చేతికందే సొమ్ము లాక్కోరాదు. అంటే, జాప్యానికి కొంత మూల్యం యాజమాన్యమే భరించాలని న్యాయస్థానం చెప్పినట్లయింది. ఆంధ్రప్రదేశ్‌లో 2022 జనవరి నుంచి విరమణ వయసు 62 ఏళ్లు, తెలంగాణలో 2021 నుంచి 61 ఏళ్లు. అందువల్ల ఆంధ్రప్రదేశ్‌లో 61, తెలంగాణలో 60 ఏళ్లు నిండినవారిపై వెలువడే రికవరీ ఉత్తర్వు ఈ సూత్రానికి ఎదురు నిలవవలసి ఉంటుంది.

కేంద్ర ప్రభుత్వ సిబ్బంది, శిక్షణ విభాగం 2016 మార్చి 2న ఈ ఐదు సందర్భాలను ఉటంకిస్తూ మెమోరాండం జారీ చేసింది. అయితే, ఆ సందర్భాల్లో కూడా సొమ్మును మాఫీ చేయాలంటే వ్యయ విభాగం ఆమోదం పొందాలని అందులో ఉంది. మన రాష్ట్రాల్లో మరో చిక్కు ఉంది. ఇక్కడి క్రమశిక్షణ నియమావళి ఉద్యోగులను ప్రధానంగా స్టేట్ సర్వీసులు, సబార్డినేట్ సర్వీసులుగా విభజిస్తుంది. తీర్పులోని మూడో తరగతి అన్న మాట మన ఏ కేడరుకు సరిపోతుందన్నది ప్రతి కేసులోనూ వాదనకు తావిస్తుంది.

ఇక్కడ ఒక అపోహను తొలగించవలసి ఉంది. ఈ తీర్పు కాపాడేది ఇప్పటికే చేతికందిన సొమ్మును మాత్రమే. తప్పుగా స్థిరీకరించిన వేతనాన్ని సరిదిద్దే అధికారం ప్రభుత్వానికి ఎప్పుడూ ఉంటుంది. వేతనం సరిదిద్దితే దాని ఆధారంగా లెక్కించే పింఛను కూడా తగ్గుతుంది. రికవరీ ఆగిందన్న ఆనందంలో ఈ శాశ్వత మార్పును గమనించని విశ్రాంత ఉద్యోగులు తర్వాత ఇబ్బంది పడే ప్రమాదం ఉంది.

ఒక్క సంతకంతో మారే తీర్పు

రఫీక్ మసీహ్ తీర్పుకు ఒక ముఖ్యమైన మినహాయింపు 2016 జులై 29న వచ్చింది. జగ్‌దేవ్ సింగ్ అనే న్యాయాధికారి సవరించిన స్కేలు పొందేటప్పుడు, అధికంగా ఏమైనా అందితే తిరిగి చెల్లిస్తానని హామీపత్రం రాసి ఇచ్చారు. విరమణ తర్వాత రికవరీ ఉత్తర్వు వచ్చింది. ముందే హామీ ఇచ్చిన వ్యక్తికి ఆ షరతు తెలియదనలేమని సుప్రీంకోర్టు రికవరీని సమర్థించింది. అయితే మొత్తాన్ని ఒక్కసారిగా కాక, రెండేళ్లపాటు సమాన నెలవారీ వాయిదాల్లో వసూలు చేయాలని ఆదేశించింది.

ఈ తీర్పు ప్రభావం చాలా దూరం వెళ్తుంది. వేతన సవరణ జరిగిన ప్రతిసారీ ఐచ్ఛికపత్రంతో పాటు ఇలాంటి హామీపత్రం మీద సంతకాలు తీసుకోవడం అనేక ప్రభుత్వ శాఖల్లో మామూలు ప్రక్రియగా మారింది. సంతకం చేయనిదే కొత్త జీతం రాదు కనుక ఉద్యోగికి మరో మార్గం ఉండదు. పదేళ్ల తర్వాత ఆ కాగితమే కోర్టులో ప్రధాన సాక్ష్యమవుతుంది. ఏ వేతన సవరణకు, ఏ స్థిరీకరణకు ఆ హామీ ఇచ్చారన్నది నిశితంగా చూడాలి. ఒక సందర్భంలో ఇచ్చిన హామీని సర్వీసంతటికీ చుట్టబెట్టడం సమంజసం కాదన్న వాదనకు అవకాశం ఉంది.

హామీపత్రం ప్రసక్తి లేని చోట న్యాయస్థానం ఉద్యోగి వైపే మొగ్గుతోంది. కేరళ ఉపాధ్యాయుడు థామస్ డేనియల్ కేసులో 2022 మే 2న జస్టిస్ ఎస్.అబ్దుల్ నజీర్, జస్టిస్ విక్రమ్ నాథ్‌ల ధర్మాసనం రికవరీని తోసిపుచ్చింది. సర్వీసు నిబంధనను అధికారులు తప్పుగా అన్వయించడమే అధిక చెల్లింపునకు కారణమని, ఉద్యోగి మోసమేమీ లేదని తేల్చింది. ఈ ఊరట హక్కుగా దక్కేది కాదని, కష్టాన్ని తొలగించేందుకు న్యాయస్థానం తన విచక్షణతో కల్పించేదని కూడా వివరించింది. ఈ ధర్మాసనానికి నేతృత్వం వహించిన జస్టిస్ నజీర్ 2023 ఫిబ్రవరిలో ఆంధ్రప్రదేశ్ గవర్నరుగా బాధ్యతలు చేపట్టారు. ఒడిశాలోని కటక్ జిల్లా కోర్టు విశ్రాంత సిబ్బంది విషయంలో 2025 ఏప్రిల్‌లో వెలువడిన జోగేశ్వర్ సాహు తీర్పు కూడా ఇదే బాటలో సాగింది.

2022లో రాష్ట్రం చూసిన ఆందోళన

రికవరీ అన్న మాట ఉద్యోగ వర్గాలను ఎంతగా కదిలిస్తుందో 2022 ఆరంభంలో ఆంధ్రప్రదేశ్ చూసింది. 2019 జులై నుంచి 27 శాతం మధ్యంతర భృతి పొందుతున్న ఉద్యోగులకు 2022 జనవరిలో 23 శాతం ఫిట్‌మెంటుతో వేతన సవరణ ప్రకటించారు. ఆర్థిక ప్రయోజనం 2020 ఏప్రిల్ నుంచి వర్తించేలా ఉత్తర్వులు వచ్చాయి. అంతకుముందు తొమ్మిది నెలలు అందుకున్న భృతిని బకాయిల్లో సర్దుబాటు చేస్తారన్న ఆందోళన ఉద్యోగుల్లో రగిలింది. ఫిబ్రవరి 3న జరిగిన చలో విజయవాడకు వేలాదిగా తరలివచ్చారు. ఫిబ్రవరి 5 నాటి చర్చల్లో 2019 జులై నుంచి 2020 మార్చి వరకు చెల్లించిన మధ్యంతర భృతిని రికవరీ చేయబోమని ప్రభుత్వం అంగీకరించింది. సమ్మె పిలుపును నేతలు ఉపసంహరించుకున్నారు.

మధ్యంతర భృతి పొరపాటున ఇచ్చింది కాదు, ప్రభుత్వం ప్రకటించి ఇచ్చింది. కనుక రెండింటినీ ఒకే గాటన కట్టలేము. కానీ మూలంలో ఉన్న భావన ఒక్కటే. సక్రమంగా వచ్చిందన్న నమ్మకంతో ఖర్చు చేసిన సొమ్మును తర్వాత వెనక్కి అడగడం ఏ మేరకు న్యాయం అన్నదే అక్కడా ప్రశ్న. వేలాది మంది ఒక్కటై అడిగినప్పుడు ఆ ప్రశ్నకు చర్చల బల్ల దగ్గర సమాధానం దొరికింది. ఒంటరిగా నోటీసు అందుకున్న విశ్రాంత ఉద్యోగికి ఆ బల్ల దగ్గర కుర్చీ ఉండదు.

ప్రైవేటు రంగంలో

ప్రైవేటు సంస్థల్లోనూ ఈ సమస్య లేకపోలేదు. అధికంగా చెల్లించిన వేతనాన్ని జీతం నుంచి సర్దుబాటు చేసుకునేందుకు 1936 నాటి వేతన చెల్లింపు చట్టం అనుమతించింది. 2025 నవంబరు 21 నుంచి అమల్లోకి వచ్చిన వేతనాల కోడ్‌లోని 18వ సెక్షను కూడా అలాంటి మినహాయింపునకు అవకాశం ఇస్తోంది. అయితే అన్ని రకాల మినహాయింపులు కలిపి ఆ కాలపు వేతనంలో 50 శాతానికి మించరాదు. యాజమాన్యం ఒకే నెలలో మొత్తం జీతాన్ని ఆపివేయడానికి ఈ నిబంధన అడ్డుకట్ట. ప్రత్యేకంగా నోటిఫై చేస్తే తప్ప కోడ్‌లోని ఈ అధ్యాయం ప్రభుత్వ కార్యాలయాలకు వర్తించదు. మరోవైపు, ప్రభుత్వోద్యోగులకు రఫీక్ మసీహ్ తీర్పు ఇచ్చిన రక్షణ ప్రైవేటు ఉద్యోగికి నేరుగా దొరుకుతుందని భావించరాదు. అక్కడ నియామక ఒప్పందంలోని షరతులకు ప్రాధాన్యం ఎక్కువ.

నోటీసు అందితే ఏం చేయాలి?

వివరణ కోరకుండా వేతనం తగ్గించడం సహజ న్యాయసూత్రాలకు విరుద్ధమని 1994లో భగవాన్ శుక్లా కేసులో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. కనుక ముందస్తు నోటీసు లేని రికవరీ ఉత్తర్వు మొదటి మెట్టులోనే బలహీనమవుతుంది. నోటీసు అందినవారు గడువులోగా లిఖితపూర్వకంగా జవాబివ్వడం తప్పనిసరి. ఏ తేదీ నుంచి ఏ తేదీ వరకు, ఏ నిబంధన ప్రకారం, నెలకు ఎంత చొప్పున అధికమైందో తెలిపే లెక్కల పట్టికను మొదట కోరాలి. సర్వీసు రిజిస్టరులోని సంబంధిత పేజీల నకళ్లు తీసుకోవాలి. ఆ స్థిరీకరణకు సంబంధించి హామీపత్రం ఇచ్చారో లేదో నిర్ధారించుకోవాలి.

లెక్కను గుడ్డిగా అంగీకరించరాదు. అధిక వేతనంలో కొంత భాగం ఆదాయపు పన్ను కింద, కొంత పింఛను చందా కింద ముందే మినహాయించి ఉండవచ్చు. చేతికి రాని సొమ్మును కూడా కలిపి అడుగుతున్నారేమో చూడాలి. మరోపక్క ఉద్యోగికి రావలసిన బకాయిలు ఏమైనా ఉంటే వాటి సర్దుబాటు కోరవచ్చు. తప్పు నిజమేనని, తీర్పులోని ఐదు సందర్భాల్లో తమది రాదని తేలితే వాయిదాలు కోరడం ఉభయతారకం. తప్పుడు ధ్రువపత్రాలతో ప్రయోజనం పొందినవారికి మాత్రం ఈ రక్షణలేవీ వర్తించవని గుర్తుంచుకోవాలి.

పరిపాలనా ట్రైబ్యునల్ రద్దయినందున రాష్ట్ర ఉద్యోగులు ఇప్పుడు హైకోర్టునే ఆశ్రయించాలి. శ్రీకాకుళం నుంచి అమరావతికో, ఆదిలాబాద్ నుంచి హైదరాబాద్‌కో న్యాయవాది ఫీజు చేతబట్టుకుని తిరగడం చిరుద్యోగికి తలకు మించిన భారం. యాభై వేల రూపాయల రికవరీ మీద పోరాడటానికి అందులో పెద్ద భాగం ఖర్చు పెట్టవలసి వస్తే, చాలామంది పోరాడకుండానే చెల్లిస్తారు. సుప్రీంకోర్టు చెప్పిన సూత్రం స్పష్టంగా ఉన్నప్పుడు ప్రతి ఒక్కరినీ కోర్టు మెట్లెక్కించడం ప్రభుత్వానికీ వృథా ప్రయాసే.

విరమణ దాకా ఆగనేల?

చికిత్స కన్నా నివారణే మేలు. వేతన స్థిరీకరణ జరిగిన ఏడాదిలోగా, విరమణ సమయంలో చేసే స్థాయి పరిశీలన జరగాలి. ప్రతి పదోన్నతి తర్వాత, ప్రతి వేతన సవరణ తర్వాత సర్వీసు రిజిస్టరును ఆడిట్ సిబ్బంది చూసి ధ్రువీకరిస్తే, తప్పు వేలల్లో ఉండగానే బయటపడుతుంది. స్థిరీకరణ పట్టిక ప్రతిని ఉద్యోగికి ఇచ్చి సంతకం తీసుకుంటే ఆయన కూడా లెక్క సరిచూసుకోగలుగుతారు. ఏటా సర్వీసు రిజిస్టరు చూసుకునే అవకాశం ఉద్యోగికి కాగితం మీద కాక ఆచరణలో దక్కాలి. రఫీక్ మసీహ్ తీర్పు పరిధిలోకి వచ్చే కేసులను జిల్లా స్థాయిలోనే పరిష్కరించే అధికారాన్ని శాఖాధిపతులకు స్పష్టంగా అప్పగిస్తే కోర్టుల భారం తగ్గుతుంది. నిర్లక్ష్యం రుజువైన చోట స్థిరీకరణ చేసినవారి బాధ్యతను కూడా నిర్ణయించాలి.

ప్రజాధనాన్ని కాపాడటమే రికవరీ ఉద్దేశమైతే, ఇరవై ఏళ్ల తర్వాత గ్రాట్యుటీని ఆపడం కన్నా ఇరవై నెలల్లో తప్పును పట్టుకోవడమే ఆ ఉద్దేశాన్ని నెరవేరుస్తుంది. అప్పుడు ఖజానాకు నష్టం ఉండదు, ఉద్యోగికి కష్టం ఉండదు. ఆ పని చేయవలసింది రిజిస్టరు చేతిలో ఉన్న కార్యాలయమే తప్ప, జీతం చేతికందుకున్న ఉద్యోగి కాదు.